అంతరాయం వదిన

మా ఊరి రేడియో స్తంభాన్ని మొన్న కూలగొట్టారు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, దానికి అడ్డం. పొక్లెయిన్ వచ్చి ఒక్క తోపు తోస్తే పడిపోతుందనుకున్నారు గాని, పాత సిమెంటు కదా, మధ్యాహ్నందాకా సతాయించింది. చూడటానికి నిలబడ్డ కుర్రాళ్ళలో ఒకడు నన్ను అడిగాడు, "ఏంది మామ్మా ఇది, పాత వాటర్ ట్యాంకా?" అని. "కాదురా, రేడియో," అన్నాను. "ఇంత పెద్ద రేడియోనా?" అన్నాడు. అంతకంటే వాడికి చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

ఇదే పని ఇంకో ఏడాది ముందు పెట్టుకుని ఉంటే ఒక మనిషి వచ్చి ఆ పొక్లెయిన్ ముందు కూర్చునేది. ఏమీ అనేది కాదు, లేచేదీ కాదు. ఆమె పోయిన మిరప కోతల్లో చచ్చిపోయింది. ప్రభువు పిలుచుకున్నాడని, కన్నుమూసిందని రాయాలంటారు. నాకు అట్లా రాయడం చేతకాదు. దగ్గీ దగ్గీ చచ్చిపోయింది.

ఆమె నాకు వదిన. సొంత వదిన కాదు, పల్లెలో వరస. ఊరంతా ఆమెని 'అంతరాయం' అనే పిలిచేది. వెక్కిరింతగా పుట్టి పేరైపోయింది. బాప్తిస్మంలో పెట్టిన పేరు ఒకటి ఉంది. అది నేను రాయను. రాసినా మా ఊళ్ళో ఎవరికీ ఎవరో తెలియదు, ఆ పేరు పెట్టి పిలిస్తే ఆమే పలికేది కాదు.

స్తంభం సంగతి ముందు చెప్పాలి. పర్చూరు వైపు ఊళ్ళల్లో రేడియో స్తంభం మొదట లేచింది మా ఊళ్ళోనేనని పెద్దవాళ్ళు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఇళ్ళకి కరెంటు రాకముందే దానికి వచ్చింది. నాలుగు పలకల సిమెంటు కంబం, కింద చిన్న గది, గదిలో పంచాయతీ రేడియో, పైన నాలుగు దిక్కులకీ నాలుగు మైకులు. సాయంత్రం పంచాయతీ గుమాస్తా తాళం తీసి మర తిప్పేవాడు. గుంటూరులో మిరప ధర ఎంత పలికింది, వాన ఎటు పోతోంది, పత్తి పురుగుకి ఏం కొట్టాలి, అన్నీ అక్కడే. పక్క ఊళ్ళవాళ్ళు బండ్లు ఆపుకుని వినేవాళ్ళు. వాయుగుండం కబురు వచ్చిందంటే వాడరేవులో చుట్టాలున్నవాళ్ళు అన్నాలు మానేసి దాని కిందే నిలబడేవాళ్ళు.

నాలుగింటిలో ఒక మైకు ఊరి బయట మా పల్లె వైపు తిరిగి ఉండేది. ఊరి బావిలో మమ్మల్ని చేద వేయనివ్వని రోజుల్లో కూడా ఆ మైకు మాత్రం మాకూ వాళ్ళకీ ఒకే మాట, ఒకే గొంతుతో చెప్పేది. అందుకని దానిమీద ఊరివాళ్ళకంటే మాకే ఎక్కువ గౌరవం.

వదిన మా కోత ముఠాకి పాట ఎత్తే మనిషి. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, నెత్తికి తువ్వాలు, ముక్కుకి అడ్డంగా ఇంకో గుడ్డ. అందరం అదే వేషం. అయినా ఆమెని ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టొచ్చు. పాట ఎత్తే ముందు గుడ్డ కిందికి లాగి, గట్టిగా దగ్గి, పక్కకి తిరిగి ఉమ్మి, ఎడమ అరచేత్తో చెవి మూసుకునేది. అప్పుడు ఎత్తేది. ఆమె ఎత్తాలి, మేం చివరి మాట అందుకుని తిప్పాలి. ఒక చెయ్యి చెవి మీదే ఉన్నా, ఆ రెండో చేత్తోనే కోసుకుంటూ మాకంటే ముందు సాలు దాటేది.

ఆ పాటలో ఒక మోసం ఉంది. ఆసామి గట్టు మీద నిలబడి చూస్తుంటే పాట జోరుగా నడిపేది. ఆయన అటు తిరిగాడో లేదో సాగదీసేది. పాట నెమ్మదిస్తే చేతులు వాటంతటవే నెమ్మదిస్తాయి. గొడుగు కింద కూర్చున్న ఆయన "ఏం పాడుతున్నారే" అని మురిసిపోయేవాడు గాని, మా నడుములకి సందు ఆ పాటలోనే దొరుకుతోందని ఆయనకి తెలియదు. ఎవరైనా కొత్త పిల్ల పాట తిప్పకుండా తల వంచుకుని కోస్తుంటే వదిన ఊరుకునేది కాదు. "నోరు మూసుకుని చాకిరీ చేసేది ఎద్దే. నువ్వేమన్నా ఎద్దువా?" అనేది.

మొగుడు చీమకుర్తి రాళ్ళ పనికని వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. పిల్లల్లేరు. వాడు పోయినప్పుడు పల్లెలో ఆమెని చూసి అయ్యో అన్నవాళ్ళు లేరు. "నువ్వేం చేశావే వాడు పోవటానికి?" అని అడిగినవాళ్ళే. ఆమె మర్నాడు కోతకి వచ్చి పాట ఎత్తింది. మేం తిప్పాం.

ఆ ఏడే, కోతలు ముమ్మరంగా ఉండగా, రేడియోవాళ్ళు జీపులో వచ్చారు. పొలం పాటలు పట్టుకుపోతామన్నారు. గట్టు మీద ఒక పెట్టె తెరిచిపెడితే అందులో రెండు చక్రాలు తిరుగుతున్నాయి. కళ్ళజోడు ఆయన ఒకాయన చిన్న మైకు తెచ్చి వదిన మూతి దగ్గర పెట్టాడు.

"పాడమ్మా."

"ఇందులోకి పోయింది మళ్ళీ మాకు వినపడుద్దా?"

"ఎందుకు వినపడదు? వచ్చే ఆదివారం సాయంత్రం రేడియో పెట్టుకోండి."

"మాకు రేడియో లేదండీ. స్తంభం ఉంది."

"ఏదైనా ఒకటేనమ్మా. పాడు."

వదిన దగ్గి ఉమ్మింది. ఆయన జేబురుమాలుతో మైకు తుడుచుకున్నాడు. ఆమె చెవి మూసుకుని ఎత్తింది.

ఎండకి ఎర్రబడ్డ మిరపకాయా
ఎవరింటి కూరకి పోతావే

"పోతావే, పోతావే," అని మేం తిప్పాం. కాయని అడుగుతూ పోయే పాట అది. మునసబు గారింటికా, ముత్తైదువల పెళ్ళింటికా, రైలెక్కి పట్నానికా అని అడుగుతూనే ఉంటాం. కాయ జవాబు చెప్పదు. పాట చిట్టచివర గాని జవాబు రాదు. అంతా పాడించుకుని, మా ఊరి పేరు రాసుకుని వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆదివారం పల్లె పల్లెంతా స్తంభం కింద చేరింది. ఊరివాళ్ళు కూడా అరుగుల మీదికి వచ్చారు. వదిన తన పెళ్ళిచీర కట్టుకుని నాలుగు మైకుల్లో దేని కింద నిలబడాలో తెలియక స్తంభం చుట్టూ తిరిగింది. గుమాస్తా మర చివరికంటా తిప్పాడు. మా ఊరి పేరు చెప్పారు. చెప్పగానే ముందు వదిన దగ్గు వచ్చింది. ఊరంత దగ్గు. అందరూ నవ్వారు, ఆమే ముందు నవ్వింది. తర్వాత పాట ఎత్తుకుంది. ఎండకి ఎర్రబడ్డ మిరపకాయా, ఎవరింటి కూరకి పోతావే. "పోతావే" అని మా గొంతులు ఒక్కసారి వినపడ్డాయి. రెండో "పోతావే" సగంలో ఉండగా గుర్రుమంది, ఆగిపోయింది.

అందరం తలలెత్తి పైకి చూస్తున్నాం. కాసేపటికి ఒక ఆడమనిషి గొంతు మెల్లగా, చాలా మర్యాదగా అంది, "అంతరాయానికి చింతిస్తున్నాం." ఆ వెంటనే ఎవరో ఎరువుల గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

"అంతరాయం ఎవరే?" అంది ఒక ముసలామె.

"ఎవరో పోయినట్టున్నారు. చింతిస్తున్నామంటున్నారుగా."

"పోవటమేంది, పాట మధ్యలో ఆపి చెప్పారు. దీన్నే అని ఉంటారు," అని ఇంకొకామె వదినని చూపించింది. "పేరు సరిగ్గా రాసుకోలేదేమో."

మాలో చదువుకున్నవాళ్ళు ఎవరూ లేరు ఆ మాట కాదనటానికి. అరుగుల మీద ఉన్న చదువుకున్నవాళ్ళు నవ్వుకుని ఊరుకున్నారు. మర్నాటికల్లా ఆమె అంతరాయం అయిపోయింది.

అందరూ ఎగతాళి అనుకున్నదాన్ని ఆమె నిజమని పట్టుకుంది. చేలో కాయ కోస్తూ నాతో అంది, "చింతిస్తున్నామన్నారే. ఎంత మర్యాదగా చెప్పిందో విన్నావా ఆమె? మన పల్లెలో ఒక్కత్తికి వచ్చిందా ఆ మాట? మిగతాది పంపిస్తార్లే."

ఆ రోజు నుంచి ఆ పాట మళ్ళీ ఎత్తలేదు. వేరే పాటలు ఎత్తేది, ఎన్నైనా ఎత్తేది. మిరపకాయ పాట మటుకు ఎత్తమంటే తల అడ్డంగా ఊపేది.

"ఒక కల్లం కాయ ఇద్దరికి తూస్తామా?" అనేది. "అది వాళ్ళకిచ్చేశా. ఇయ్యాలంటే వాళ్ళే ఇయ్యాలి."

మిరపకాయలు అమ్ముకు బతికే ఊరు కాబట్టి ఈ మాటకి ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. కల్లంలో కాయ ఒకరికి ఒప్పుకున్నాక, పక్కవాడు ఎంత ఎక్కువ ఇస్తానన్నా ఇంకోడికి తూచటం మా దగ్గర తప్పు. కాయకున్న ధర్మమే పాటకీ ఉందని ఆమె లెక్క.

దీంతో ఊరికో వేడుక దొరికింది. ఊరందరూ పాటలో ప్రశ్న విన్నారు, జవాబు వినలేదు. దారిన పోతుంటే కుర్రాళ్ళు అడిగేవాళ్ళు, "అంతరాయం పిన్నీ, ఇంతకీ ఎవరింటికి పోయిందే మిరపకాయ?" అని.

"రేడియోలో వచ్చుద్ది, విని చావండి," అనేది.

రోజూ పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, స్తంభానికి వీపు ఆనించి కూర్చునేది. పైకి చూసేది కాదు. మిరప మంట తగ్గటానికి అరచేతులకి ఆముదం రుద్దుకుంటూ నేల చూపులు చూస్తూ వినేది. వార్తల్లోనో, నాటకం మధ్యలోనో ఎప్పుడన్నా ఆ మాట వచ్చేది, అంతరాయానికి చింతిస్తున్నాం అని. అప్పుడు తలెత్తేది. బజార్లో ఎదురుపడ్డ చుట్టం పలకరిస్తే తలూపినట్టు తలూపి, "సర్లే, పర్లేదు," అనేది. ఊళ్ళో కరెంటు పోయి స్తంభం మూగబోతే మాత్రం అది వాళ్ళ తప్పు కాదని ఆమెకి తెలుసు. దానికి గుమాస్తాని తిట్టేది.

రానురాను ఇంటింటికీ రేడియోలొచ్చాయి, తర్వాత టీవీలొచ్చాయి. గుమాస్తా రిటైరయ్యాక కొత్తగా వచ్చినతను గదిలో బ్లీచింగు బస్తాలు పెట్టుకున్నాడు. ఒక తుఫాను గాలికి మా పల్లె వైపు మైకు ఊడిపడితే ఎవరో పాత ఇనుముకి వేసేశారు. మిగతావి తుప్పు పట్టి పైనే ఉన్నాయి. వదిన చీరాల వెళ్ళి చిన్న ట్రాన్సిస్టర్ కొనుక్కుంది. కొనుక్కుని ఏం చేసింది? సాయంత్రం దాన్ని చంకన పెట్టుకుని మళ్ళీ ఆ స్తంభం దగ్గరికే పోయేది.

"ఇంట్లో వినొచ్చుగా వదినా," అన్నాను.

"వాళ్ళకి తెలిసిన చోటు ఇదేగా. ఇంటికెట్టా వస్తారు?"

ముఠాలో పాట తిప్పేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. కొందరు వయసు మళ్ళి పోయారు, కొందరు మిరప దుమ్ము ఊపిరితిత్తుల్లో పట్టి పోయారు. ఆఖరికి నేను మిగిలాను. నా గొంతు మొదటినుంచీ లెక్కలోకి రాని గొంతు.

యాభై దాటాక నేను చర్చిలో సాయంత్రం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. పాస్టరు గారి భార్య నేర్పింది. ఒకరోజు పేపరు కూడబలుక్కుని చదువుతుంటే 'విద్యుత్ సరఫరాలో అంతరాయం' అని కనపడింది. మా వదిన పేరు పేపర్లో ఎందుకు వేశారా అని పాస్టరమ్మని అడిగాను. ఆమె చెప్పింది. మనసులో దాచుకోవటం నాకు అలవాటు లేదు. తిన్నగా స్తంభం దగ్గరికి పోయాను.

"వదినా, అంతరాయమంటే మనిషి కాదంట. మధ్యలో అడ్డం రావటమంట. కరెంటు పోయినా అంతరాయమే, బస్సు ఆగినా అంతరాయమే. వాళ్ళు నీ గురించి చెప్పలా."

"ఎవరన్నారు?"

"పేపర్లో ఉంది. పాస్టరమ్మ చెప్పింది."

"పాస్టరమ్మకి రేడియోవాళ్ళు చెప్పారా?"

"వాళ్ళెందుకు చెప్తారు?"

"మరి ఆమెకెట్టా తెలిసింది? నా పాట ఆపి, నాకు చెప్పారు. నా చెవుల్తో విన్నా. నువ్వు చదువుకున్నావు, చదువుకో పో."

ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మా ఇద్దరికీ వేరే మాట్లాడేవాళ్ళు లేరు కాబట్టి మళ్ళీ మాట్లాడుకున్నాం.

ఈ మధ్య ఏళ్ళల్లో ఆమెకి దగ్గు ముదిరింది. పొలానికి పోలేక ఇంటి దగ్గరే కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీసేది. ఒకరోజు దగ్గు తెర ఆగాక, కళ్ళు తుడుచుకుని, "నేను పోయేలోపు పంపిస్తారంటావా?" అని అడిగింది. ఆమె అట్లా అడగటం నేనెప్పుడూ వినలేదు.

"పోయి అడుగుదాం పద," అన్నాను.

గుంటూరు పోయి అక్కడ రేడియో స్టేషనున్న పట్నానికి ఇంకో బస్సెక్కాం. ఆ బస్సు తుళ్ళూరు మీదుగా పోయింది. ఇంత వెడల్పు రోడ్లు, అక్కడొకటి అక్కడొకటి ఆకాశంలోకి క్రేన్లు. వదిన కిటికీలోంచి చూస్తూ, "ఇక్కడ చేలేమైనయ్యే?" అంది.

"రాజధాని కడతన్నారు."

"ఏదీ?"

"కడతన్నారంటన్నాగా."

రేడియో స్టేషను వెనక దాని స్తంభం ఉంది. సిమెంటుది కాదు, ఇనప కమ్మీలతో అల్లినది. చుట్టూ తీగలు కట్టి నిలబెట్టారు. మెడ విరుచుకుని చూస్తే గాని కొస కనపడదు. వదిన కంచె పట్టుకుని ఆయాసం తీరేదాకా దాన్నే చూసింది. "మనది దీని దూడేలే," అంది.

గేటు దగ్గర కాపలా అతను ఎవరు కావాలని అడిగాడు.

"అంతరాయం వచ్చిందని చెప్పు బాబూ," అంది వదిన.

అతను కంగారుపడ్డాడు. "ఎక్కడ?"

"ఇక్కడే."

అతను లోపలికి ఫోన్ చేసి, "మేడమ్, ఏదో అంతరాయం వచ్చిందంటున్నారు," అన్నాడు. ఒక చిన్నామె పరుగులాంటి నడకతో బయటికి వచ్చింది. అక్కడి ఆఫీసరట. "ఏమైందండీ, ప్రసారం ఆగిందా?" అని అడిగింది.

"ఆగింది గదమ్మా," అంది వదిన. "అందుకే వచ్చా."

నేను అసలు సంగతి చెప్పేసరికి ఆ అమ్మాయికి నవ్వు వచ్చింది. నవ్వలేదు. అందుకు ఆమెని మెచ్చుకోవాలి. లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

"ఏ సంవత్సరమో గుర్తుందా అమ్మా?"

"తెల్లదోమొచ్చి పత్తి మొత్తం ఊడ్చుకుపోయిందే, దానికి ముందేడు."

ఆమె ఎవరెవరినో అడిగి, లోపలికీ బయటికీ తిరిగి, చాలాసేపటికి వచ్చి మా ఎదురుగా కూర్చుంది. "అమ్మా, ఆ టేపు లేదండీ. ఆ రోజుల్లో టేపులు తక్కువ. పాతవి చెరిపి వాటిమీదే కొత్తవి పట్టేవాళ్ళు."

వదినకి అర్థం కావటానికి కొంచెం టైము పట్టింది.

"నా మీద ఏం పాడించారు?" అంది.

"అంటే?"

"నన్ను చెరిపి, నా మీద ఏం పెట్టారూ అని."

"అది తెలియదమ్మా. నాటకమో, వ్యవసాయం గురించి ఎవరిదైనా ప్రసంగమో."

"చెరిపేటప్పుడు ఎవరన్నా విన్నారా? ఆఖరికి ఒకసారి?"

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను చేసే సాయం ఏముంది. "వినే ఉంటారమ్మా," అంది. అది అబద్ధమని నాకు తెలుసు. వదినకీ తెలుసు. అయినా తలూపింది.

"పోన్లే. ఆ రోజు గట్టు మీద మొత్తం విన్నోడు ఒకడున్నాడు, ఆ కళ్ళజోడాయన," అంది.

అప్పుడు ఆ ఆఫీసరమ్మ, మీకు ఓపిక ఉంటే ఇప్పుడు పాడండి, మళ్ళీ పడతాం, తప్పకుండా వేస్తాం అంది. వదిన ఆలోచించింది. వాళ్ళ దగ్గర లేదని వాళ్ళే చెప్పారు కాబట్టి ఇంక ఒప్పందం లేనట్టే. కాయ మళ్ళీ మనదే.

"నేనెత్తుతా. తిప్పేదెవరు?"

"నేను లేనా?"

"నీది దున్న గొంతు."

"ఉన్నది ఇదొక్కటే. ఎత్తితే ఎత్తు, లేకపోతే బస్సు టైమవుతుంది."

గోడలకి మెత్తలు కొట్టిన గదిలో కూర్చోబెట్టారు. మన ఊపిరి మనకే వినపడే గది. వదిన దగ్గబోతే ఆ అమ్మాయి అద్దం అవతలి నుంచి చెయ్యి అడ్డంగా ఊపింది.

"దగ్గకుండా ఎట్టా ఎత్తేది?" అని వదిన దగ్గనే దగ్గింది. ఉమ్మటానికి చోటు లేక మింగింది. చెవి మూసుకుంది.

గొంతు గీరుకుపోయింది. ఊపిరి అందటం లేదు. కాని తోవ ఎక్కడా తప్పలేదు. నేను పోతావే పోతావే అని తిప్పుకుంటూ పోయాను. అన్నేళ్ళ తర్వాత మునసబు ఇల్లూ, పెళ్ళిల్లూ, పట్నం రైలూ అన్నీ దాటి ఆఖరికి వచ్చాం. ఇప్పుడు మునసబులూ లేరు. జవాబు నేను మర్చిపోయాననుకున్నాను గాని, ఆమె ఎత్తగానే గుర్తొచ్చింది.

కోసిన ఇంటికి రానంటావు
కళ్ళల్లో మాత్రం ఉంటావే

ఉంటావే, ఉంటావే అని తిప్పేటప్పుడు నా గొంతు పోయింది. దున్న గొంతుకి అదొక అలవాటు.

చెవులకి పెట్టుకునేవి ఇచ్చి పాట మళ్ళీ వినిపించారు. వదిన మొత్తం విని, అవి తీసి బల్ల మీద పెట్టింది.

"ఎవరీమె?"

"నువ్వే."

"నేను కాదు. ఎవరో ముసలిది. బానే పాడింది."

"నువ్వు మాత్రం పడుచుదానివా ఏంది?"

"నేను ముసలిదాన్నయ్యా. పాట అవలేదుగా."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీకి తల ఆనించింది. నిద్రపోయిందనుకున్నాను. చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాయి.

చెప్పినట్టే ఆ అమ్మాయి ఫోన్ చేసి ఫలానా సాయంత్రం వేస్తున్నాం అని చెప్పింది. వదినకి చెప్పి, స్తంభం దగ్గరికి రమ్మన్నాను. "నువ్వు పోయి విను. నాకు కాయలున్నయ్," అంది. బతిమాలాను. తిట్టాను. రాలేదు. పోనీ పక్కనే ట్రాన్సిస్టర్ ఉందిగా, పెట్టుకోమన్నాను. బ్యాటరీ అయిపోయిందంది.

నేనొక్కదాన్నే నా మనవరాలి ఫోను తీసుకుని, అందులో రేడియో పెట్టుకుని స్తంభం అరుగు మీద కూర్చున్నాను. ఊళ్ళో ఎవరికీ తెలియదు, తెలిసినా వచ్చేవాళ్ళు లేరు. బైకులు పోతున్నాయి. మా ఊరి పేరు చెప్పారు. దగ్గు వచ్చింది. పాట వచ్చింది. నా దరిద్రపు గొంతూ వచ్చింది. మునసబు దగ్గర ఆగుతుందేమో, రైలు దగ్గర ఆగుతుందేమో అని నేను ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను. ఎక్కడా ఆగలేదు. ఉంటావే, ఉంటావే అని చివరికంటా వచ్చి, "ఇంతవరకు మిరప కోత పాట విన్నారు" అని చెప్పి మరీ అయిపోయింది.

గబగబా వదిన ఇంటికి పోయాను. గుమ్మంలో కాళ్ళు చాపుకుని తొడిమలు తీస్తోంది. ట్రాన్సిస్టర్ పక్కనే సన్నగా ఏదో మాట్లాడుతోంది. అయిపోయిన బ్యాటరీకి అంత గొంతు ఎక్కడిదని నేను అడగలేదు.

"మొత్తం వచ్చింది వదినా."

"ఊఁ."

"ఎక్కడా ఆగలా. గుర్రు లేదు, గీరు లేదు."

"అయిపోయాక వాళ్ళేమన్నారు?"

"ఏమంటారు. పాట విన్నారు అన్నారు. ఇంకో పాట వేశారు."

చేతిలో కాయకి తొడిమ విరిచి, కాయ ఒక పక్కకీ తొడిమ ఒక పక్కకీ వేసింది. ఇంకోటి తీసుకుంది. విరవలేదు.

"అయితే ఇంక నా కోసం చింతించరన్నమాట," అంది.

రేడియోలో ఆ మాట ఆమె గురించి కాదని ఒకప్పుడు మొహాన చెప్పినదాన్ని నేనే. అక్షరాలు వచ్చాయి కాబట్టి చెప్పాను. ఆ సాయంత్రం ఆమె మొహం చూశాక ఆ అక్షరాలు నాకు ఎందుకూ పనికిరాలేదు.

"ఎందుకు చింతించరు?" అన్నాను. "అంత పెద్ద స్తంభం, అన్ని తీగలు. ఎక్కడో ఒకచోట తెగకుండా ఎన్నాళ్ళుంటయ్? తెగినప్పుడు నీకు చెప్పక ఎవరికి చెప్తారు?"

"అంతేనంటావా?"

"అంతే."

వదిన చీర కొంగుకి చెయ్యి తుడుచుకుని, ట్రాన్సిస్టర్ మర తిప్పి గొంతు కొంచెం పెంచింది.